పొగకు దారి

మా కళాశాలలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడొకాయనకు ఈమధ్య తరగతిలో విలియం బ్లేక్ కవిత ఒకటి పాఠం చెప్పవలసి వచ్చింది. పొగగొట్టాలు దులిపే పసివాణ్ని గురించిన కవిత అది. బ్లేక్ ఆ పేరుతోనే రెండు రాశాడు. ఒకటి 1789లో వచ్చింది, రెండోది 1794లో. పిల్లలు పద్యం విన్నారు, అర్థం విన్నారు. చివరికి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, పొగగొట్టం దులుపుడు గూడ ఒక కులవృత్తేనా?" అని అడిగిందట. మిత్రుడు ఆ ప్రశ్నను భద్రంగా స్టాఫు గదికి మోసుకువచ్చి నా నెత్తిన పెట్టాడు. "తెలుగు పండితుడివి గదా, ఆ పని చేసేవాణ్ని మన భాషలో ఏమంటారో చెప్పు" అన్నాడు.

ఏమీ అనరు. అనవలసిన అవసరం మనకు పడలేదు. కుండలు చేసేవారికి పేరున్నది, బట్టలుతికేవారికి పేరున్నది, చెరువు నీళ్లు పారించే మనిషికి సైతం నీరడి అని పేరున్నది. మసి దులిపేవారికి మాత్రం లేదు. దీనికి మొదటి కారణం అందరికీ తెలిసిందే, మన ఇళ్లకు పొగగొట్టమే లేదు. రెండోది కొంచెం చేదు కారణం. మసి దులిపే పని ఇంటి ఆడవాళ్లది. ఆడవాళ్లు ఇంట్లో చేసే పనికి వృత్తి అని పేరు పెట్టే అలవాటు మనకు మొదటినుంచీ లేదు.

ఇంగ్లండు సంగతి వేరు. చలిదేశం గనుక గదిగదికీ నిప్పుగూడు ఉండేది. నేలబొగ్గు కాల్చేవారు. గొట్టాలు వంకరలు తిరిగి, ఇరుకుగా ఉండేవి, పెద్దవాడు పట్టడు. అందుచేత పేదవాళ్ల పిల్లల్ని పనిలో పెట్టుకుని, మోకాళ్లతో మోచేతులతో పాకుతూ గొట్టంలోకి ఎక్కించి మసి గోకించేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక చెప్పుకోలేని చోట పుండ్లు పుట్టి చనిపోతూ ఉండటం లండనులో పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు గమనించి, దానికి కారణం మసేనని 1775లో రాశాడు. చేసే పనివల్ల కాన్సరు వస్తుందని వైద్యులు గుర్తించటం అదే మొదలంటారు. ఆ తరువాత చట్టాలకేమీ కొదువ లేదు. 1788లో ఒకటి, 1834లో ఒకటి, 1840లో ఒకటి, 1864లో ఇంకొకటి వచ్చాయి. చట్టాలు పుస్తకంలో ఉన్నాయి, పిల్లలు గొట్టంలో ఉన్నారు. 1875లో జార్జి బ్రూస్టర్ అనే బాలుడు గొట్టంలో ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకున్నాక గాని ఆ దురాచారానికి తెర పడలేదు. ఇప్పుడు అక్కడ పొడుగాటి బ్రష్షులూ, యంత్రాలూ పట్టుకుని పెద్దవాళ్లే వస్తారు. జర్మనీలోనైతే పొయ్యీ గొట్టమూ ఉన్న ప్రతి ఇంటినీ గడువు ప్రకారం తనిఖీ చేయించుకోవాలని చట్టమే ఉన్నది. పైగా అక్కడ మసివాడు ఎదురైతే శుభశకునమట! మనకు కట్టెల మోపు ఎదురొస్తే ఇంట్లోకి వెనక్కు వచ్చి, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరే పెద్దలు ఇంకా ఉన్నారు.

అది సరే. మరి మన ఇళ్లలో పుట్టిన మసి ఎక్కడికి పోయింది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పాత ఇండ్లు చూసినవారికి దీని జవాబు తెలుసు. గూనపెంకల ఇల్లు. వంటర్రలో ఒక మూల మట్టితో మెత్తి, ఎర్రమన్ను అలికి, ముగ్గు పెట్టిన పొయ్యి. పొగ లేచి, దూలాలనూ వాసాలనూ పలకరించి, పెంకల సందుల్లోంచి నిదానంగా బయటికి పోయేది. చలికాలం తెల్లవారుజామున గుట్టమీదినుంచి చూస్తే ఊరు ఊరంతా ఆవిరి పెట్టిన ఇడ్లీపాత్రలాగా కనిపించేది. ఆ పొగతో పనికూడా ఉండేది. మరుసటేటి విత్తనానికని మంచి మక్కకంకులు ఏరి, జుట్లు ముడివేసి, పొయ్యిమీద దూలానికి వేలాడదీసేవారు. పురుగు ముట్టేది కాదు. పొగచూరిన వాసానికి చెద పట్టదని వడ్రంగులు చెప్పేవారు. ఇల్లు ఆకలితో ఉన్నదని చెప్పవలసి వస్తే పొయ్యిలో పిల్లి లేవలేదంటాం గదా. పొగ రావటమంటే ఆ ఇంట్లో నాలుగు మెతుకులు ఉడుకుతున్నాయని గుర్తు. పొగను ఎవరు తిడతారు?

దూలానికి పట్టిన మసి కంటికి కనిపించేది గనుక ఏటా పండుగ ముందు దులిపేవారు. పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదిన మనిషి రొమ్ములోకి పోయింది మాత్రం ఏ పండుగకూ దులపలేదు.

ఇప్పుడు పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది. మా ప్రాంతంలో దుబాయికో మస్కటుకో ఒక మనిషయినా పోని కులం లేదు, ఊరు లేదు. అక్కడ ఎండలో ఒళ్లు కాల్చుకుని పంపిన డబ్బుతో ఇక్కడ స్లాబు పోశారు, రంగులు వేశారు, ముందర గేటు పెట్టారు. మంచిదే. కాని స్లాబుకు సందులుండవు. వందల ఏండ్లుగా పొగకు ఉన్న ఒక్క దారినీ మూసేసి, దానికి బదులు ఇంకొక దారి పెట్టాలన్న ఆలోచన మేస్త్రీకీ రాలేదు, యజమానికీ రాలేదు. "గ్యాసు ఉన్నది గదా!" అంటారు. ఉన్నది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది; 2016లో ఉజ్జ్వల వచ్చింది; 2024లో తెలంగాణలో 500 రూపాయల సిలిండరు వచ్చింది. ఇవి చిన్న విషయాలని నేననను. నా దృష్టిలో ఆడవాళ్ల ఆయుస్సు పెంచిన పనుల్లో ఇవి ముందువరసవి. అయినా పెరట్లో మెట్లకింద, రేకుల షెడ్డుకింద, స్నానాలగది పక్కన ఆ పాత పొయ్యి ఉండనే ఉన్నది. స్నానానికి నీళ్లు దానిమీదే కాగాలి. పెండ్లికో బోనాలకో పదిమందికి వంట దానిమీదే కావాలి. పత్తికట్టె, కందికట్టె చేనులో ఊరికే దొరుకుతుంటే సిలిండరు ఎందుకు అరగదీయాలి? ఇక పసుపు పండించే ఇండ్లలో మాఘం ఫాల్గుణం వచ్చిందంటే కొమ్ములు ఉడకబెట్టే కడాయిల కింద మంట. ఇప్పుడు ఆవిరితో ఉడికించే యంత్రాలు వచ్చి ఆ బాధ చాలా తగ్గింది గాని, మొన్నమొన్నటి దాకా ఆ నెలరోజులూ మా బంధువుల కళ్లు పసుపుకు బదులు కుంకుమరంగులో ఉండేవి.

కోరుట్లలో మా పెద్దమ్మ ఒకామె ఉన్నది. డెబ్బయ్యేండ్లు దాటాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ఆడవాళ్లలో బీడీలు చుట్టని చెయ్యి తక్కువ. మా పెద్దమ్మ చిన్నప్పటినుంచీ చుట్టింది. నాలుగేండ్ల కింద దమ్ము ఎక్కువైతే కరీంనగరం తీసుకుపోయాను. డాక్టరు ఊపిరి ఊదించి చూసి, ఫొటో చూసి, కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఎన్నేండ్ల నుంచి బీడీలు తాగుతున్నవమ్మా?" అని అడిగాడు.

పెద్దమ్మకు కోపం వచ్చింది. "బీడీలు చేసిన గని తాగలే సారూ. ఒక్క దమ్ము గుంజలే."

డాక్టరు తలెత్తి చూశాడు. "మరి వంట దేనిమీద చేసేదానివి?"

"పొయ్యి మీద. ఇంక దేనిమీద జేస్తరు?"

"ఎన్నేండ్లు?"

"చెయ్యి అందినప్పటి సంది."

ఆయన ఇంకేమీ అడగలేదు. రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. నలభై యాభైయేండ్లు పొగతాగినవాళ్ల ఊపిరితిత్తులు ఎట్లా ఉంటాయో ఈమెవీ అట్లానే ఉన్నాయని బయటికి వచ్చాక నాతో అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం 2020లో వంటింటి పొగవల్ల లోకంలో చనిపోయినవారు సుమారు 32 లక్షలు. వారిలో అయిదేండ్లు నిండని పసివాళ్లే 2 లక్షల 37 వేలు. ఆ అంకెలు పత్రికలో చదివినప్పుడు అంకెల్లాగానే అనిపించాయి. పెద్దమ్మ బస్సు మెట్లెక్కటానికి మూడుసార్లు ఆగినప్పుడు మాత్రం అంకెల్లాగా లేవు.

నేను తెలుగువాణ్ని గనుక నాకు తెలిసిన శాస్త్రంలోంచే ఒక మాట చెబుతాను. మన తార్కికులు కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నదని ఊహిస్తారు. ఎట్లా తెలుసయ్యా అంటే, వంటింట్లో చూడలేదా అంటారు. వేల సంవత్సరాల మన తర్కానికి పొగకు ఉదాహరణ వంటిల్లే! ఆ వంటింట్లో కళ్లు తుడుచుకుంటున్న మనిషి వారి సూత్రంలోకి రాలేదనుకోండి. కాని అక్కడే వారు ఒక మంచి సూక్ష్మం పట్టుకున్నారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది సరే, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడికట్టె తోడు కావాలి. దాన్ని వారు ఆర్ద్రేంధన సంయోగమన్నారు. అంటే పొగ నిప్పు గుణం కాదు, తడి కట్టె గుణమన్నమాట. నేటి శాస్త్రజ్ఞులు దీన్ని కొంచెం సవరించి, తడి ఒక్కటే కాదు, గాలి చాలకపోయినా పొగ వస్తుందంటారు. కాని మొదటి పాఠం అదే. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగం నీళ్లుంటాయి. పొయ్యి వేడిలో కొంత ఆ నీళ్లను ఆవిరి చెయ్యటానికే పోతుంది. మిగిలిన వేడికి కట్టె పూర్తిగా కాలదు. కాలనిది పొగై లేస్తుంది. మన ప్రాంతపు ఎండలు ఎవరికీ ఉపకారం చేయవని తిట్టుకుంటాం గాని, వేసవిలో తుమ్మకట్టెను మణికట్టంత లావున చీల్చి, గాలి ఆడేటట్టు పేర్చి పెడితే ఆ ఎండే సగం పొగను మింగేస్తుంది. వానాకాలం రాకముందు పైన రేకు కప్పాలి. ఎండిన కట్టెకు కొసన పగుళ్లుంటాయి. రెండు కట్టెలు తాకిస్తే టంగుమంటుంది. పచ్చిదైతే ధబ్బుమంటుంది.

పొగగొట్టం కూడా మనకు కొత్త సంగతి కాదు. ఇది మన హైదరాబాదు గర్వంగా చెప్పుకోవలసిన విషయం, చెప్పుకోము. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలను నడిపిన డాక్టర్ ఎస్.పి. రాజు ఆనకట్టల లెక్కలూ నీటిప్రవాహాల లెక్కలూ చూసే ఇంజనీరై ఉండికూడా వంటింటి పొయ్యి ముందు కూర్చున్నాడు. మట్టితో కట్టుకునే పొయ్యి, ఒకే మంట మీద వరుసగా గిన్నెలు పెట్టుకునే కళ్లు, చివరన పొగను ఇంటి బయటికి పంపే గొట్టం. దాన్ని ఆ పరిశోధనశాల పేరుతోనే హెర్ల్ చూలా అన్నారు. 1953లో ఆయన దానిమీద 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని ఇంగ్లీషులో చిన్న పుస్తకం అచ్చువేయించాడు. కోట్లమందికి పొగలేని వంటిల్లు అని దాని ఆశ. వార్ధాలో గాంధీగారి మనుషులు చేసిన మగన్ చూలాదీ ఆ దారే. 1980ల్లో కేంద్రప్రభుత్వం ఇదే పని దేశమంతటా పెట్టుకున్నది. 2002లో ఆ పథకం ఆగిపోయేనాటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలు పెట్టారు.

ఆ మూడుకోట్లు ఏమైనట్టు? సిరిసిల్ల దగ్గర మా చుట్టాలింట్లో నేను చూసింది చెబుతాను. గొట్టం ఉన్నది. అది వంటర్రలో లేదు. పెరట్లో తొట్టినీళ్లు కాలువలోకి పోవటానికి అడ్డంగా పడుకుని ఉన్నది. ఏమైందని అడిగితే, పెట్టిన ఏడు బాగానే పనిచేసిందనీ, తరువాత పొగ పైకి పోవటం మాని పొయ్యి నోట్లోంచే రావటం మొదలుపెట్టిందనీ, విసుగుపుట్టి పీకేశామనీ చెప్పారు. లోపల దులిపారా అని అడిగాను. ఇంటివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాన్ని దులపాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు! పెట్టిపోయిన మనిషి పెట్టినట్టు సంతకం తీసుకున్నాడు, పోయాడు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఒరిస్సా పల్లెల్లో ఎస్తేర్ డఫ్లో మొదలైన ఆర్థికశాస్త్రవేత్తలు ఇటువంటి గొట్టపు పొయ్యిలు పెట్టించి, కొన్నేండ్లపాటు ఇల్లిల్లూ తిరిగి చూశారు. మొదటి ఏడు ఆడవాళ్ల ఒంట్లోకి పోయే పొగ తగ్గింది. ఆ తరువాత తగ్గుదల కరిగిపోయింది. పొయ్యి పగిలితే మెత్తేవారు లేరు, గొట్టం పూడితే దులిపేవారు లేరు. క్రమంగా పాతపొయ్యికే మళ్లారు. అంటే మనకు లోపించింది గొట్టం కాదు, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలోని మనిషే లోపించాడు.

కాబట్టి ఆ పని ఎట్లా చెయ్యాలో చెబుతాను. మరీ బ్రహ్మవిద్య కాదు. గొట్టం లోపల రెండు రకాల మసి పడుతుంది. ఒకటి పొడి మసి, చీపురుకు రాలుతుంది. రెండోది తడికట్టె కాల్చినప్పుడు పొగ పైన చల్లబడి, తారులాగా గోడకు అంటుకుని గట్టిపడేది. ఇది పాడుది. గొట్టాన్ని ఇరుకు చేస్తుంది, మంట ఎగిసినప్పుడు తనే అంటుకుంటుంది. అప్పుడు గొట్టంలో రైలుకూత లాంటి హోరు వినిపిస్తుంది, కొసనుంచి నిప్పురవ్వలు ఎగురుతాయి. పక్కన గడ్డివాము ఉంటే ఇక చెప్పనక్కరలేదు. రోజూ మండే పొయ్యికి నెలకొకసారి దులపటం మంచిది. ముందురోజు రాత్రి నుంచే పొయ్యి చల్లారి ఉండాలి. పొడుగాటి వెదురుకొసకు ఈతచీపురో, కొబ్బరిపీచో గట్టిగా కట్టి కిందినుంచి పైకి తోయాలి. లేదా తాడుకు రాయీ పాతగోనెముక్కా కట్టి పైనుంచి కిందికి వదిలి లాగాలి. మూతికీ ముక్కుకూ తడి తువ్వాలు. కింద పడ్డ మసిని ఊడ్చి విసిరెయ్యకుండా నీళ్లు చల్లి గుంతలో పూడ్చాలి. వేసవి కాగానే ఒకసారి గొట్టంలోకి తొంగిచూడాలి. గోరువంకలు సంసారం పెట్టి ఉంటాయి.

ఈ పని మగవాళ్లు చెయ్యాలని నా అభిప్రాయం. పొగ ఆమె తాగింది గనుక మసి ఆయన దులపటం న్యాయం. మా పెద్దమ్మ ఇంట్లో ఇప్పుడు ఆ పని మనుమడిది. డిగ్రీ చదువుతున్నాడు. ఆమెను పొయ్యి మాన్పించాలని మేమంతా చాలా పోరాం. "గ్యాసు మీద కాల్చింది రొట్టెనా? అప్పడమా?" అన్నది. ఆఖరికి రాజీ కుదిరింది. అన్నం, కూర, చాయ గ్యాసు మీద. వారానికి రెండుసార్లు జొన్నరొట్టె పొయ్యి మీద. ఆ పొయ్యి కూడా లోపల కాదు, పెరట్లో గొట్టం కిందికి మారింది. దమ్ము పూర్తిగా పోలేదు, పోదుకూడా. రాత్రి కూర్చుని నిద్రపోయే బాధ తప్పింది.

గొట్టం ఉన్నా కట్టెపొయ్యి గ్యాసు కాదు, ఆ భ్రమ వద్దు. గ్వాటెమాలాలో పల్లెటూరి తల్లులకు గొట్టపు పొయ్యిలు కట్టించి పరీక్షించినప్పుడు పసివాళ్లకు తగిలే పొగ సగానికి తగ్గింది గాని, న్యుమోనియా అనుకున్నంత తగ్గలేదని 2011లో ప్రకటించారు. తీవ్రమైన న్యుమోనియా మాత్రం తగ్గింది. గ్యాసు ఉన్నవాళ్లు రోజువారీ వంటకు గ్యాసే వాడుకోవటం మేలు. గొట్టం మిగిలిన మంటకు.

ఇంకో రెండు సంగతులున్నాయి, ఇవి ఊపిరికి కాదు, ప్రాణానికి. సిరిసిల్లలో మగ్గాల దగ్గర మిగిలిన పాలిస్టర్ నూలుపోగులతోనో, చక్కెర తెచ్చిన ప్లాస్టిక్ సంచితోనో పొయ్యి రాజేసే అలవాటు చూస్తున్నాను. ఆ పొగ కట్టెపొగకన్నా పాడుది, మానుకోవాలి. అదే పాలిస్టర్ చీర కొంగు పొయ్యికి తగిలితే నూలుబట్టలాగా కాలి బూడిద కాదు, కరిగి ఒంటికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గరికి కొంగు బిగించి, వీలైతే నూలుచీరతో పోవాలి. కాలితే ఇరవై నిమిషాలు మామూలు చన్నీళ్లు పొయ్యాలి. పసుపు, పేస్టు, సిరా ఏమీ పుయ్యకూడదు.

రెండోది కుంపటి. పుష్యమాసం చలికి తలుపులు కిటికీలు బిగించి, నిప్పులకుంపటి మంచం దగ్గర పెట్టుకుని పడుకునేవారున్నారు. పొగ లేదు గదా అని ధైర్యం. మన తార్కికుల ఇనుపగుండులాగా నిప్పు ఉన్నది, పొగ లేదు; కాని పొగకన్నా ప్రమాదమైన కార్బన్ మోనాక్సైడ్ ఉన్నది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద అది కూర్చుంటుంది, ప్రాణవాయువుకన్నా రెండువందల రెట్లకు మించిన పట్టుతో కూర్చుంటుంది. తలనొప్పి, వాంతి, మగత. మగత వచ్చాక లేచి తలుపు తీసే ఓపిక ఉండదు. బాలింత గదిలో కుంపటి పెట్టే ఇండ్లకు ఇది మరీ మరీ చెప్పాలి. కుంపటిని పడుకోబోయే ముందే బయటపెట్టాలి. స్నానాలగదిలో లోపల కట్టెలు వేసే రాగి బాయిలరు ఉంటే దానికీ ఇదే మాట, కిటికీ తెరిచి ఉండాలి.

గొట్టం ఎక్కడ దొరుకుతుందని జగిత్యాలలో నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. డబ్బాలు, గాబులు చేసే రేకుపనివాళ్లు ఎవరైనా చేసిస్తారు. స్లాబు కన్నా రెండుమూడడుగులు ఎత్తుగా ఉండేటట్టు, పైన వాన పడకుండా గొడుగు ఉండేటట్టు, వాసానికీ తడకకూ తగలకుండా చూసుకోండి. వంపులు ఎంత తక్కువైతే పొగ అంత చురుగ్గా లాగుతుంది. తప్పనిసరిగా వంపు పెట్టవలసివస్తే మాత్రం, ఆ వంపు దగ్గర ఊడదీసి మళ్లీ తొడగటానికి వీలయిన మూత ఒకటి పెట్టమని ముందే చెప్పండి. చెప్పకపోతే అతుకు వేసి ఇస్తారు, చీపురు లోపలికి పోదు.